ముగ్గురికి తీసే తలుపు

ఎర్రనీటి కాలువల మీద ఒక ఊరు ఉంది. ఆ ఊరికి గోడ లేదు, కోట లేదు. తెల్లబట్టలు కట్టుకున్న వెయ్యిమంది కావలివాళ్ళు ఉన్నారు. వాళ్ళు వంతులవారీగా కాలువల వెంట తిరుగుతారు. వాళ్ళు తిరుగుతున్నంత కాలం ఊరు తన పని తాను చేసుకుంటుంది.

ప్రతి కావలివాడి నడుముకీ ఒక ఇత్తడి కడియం వేలాడుతుంది. ప్రతి కావలివాడి ఇంట్లో ఒక తాటాకుల పుస్తకం ఉంటుంది. ఊళ్ళో ఎవరైనా దొంగను చూస్తే ఆనవాళ్ళు ఆకు మీద గీసి, ఎదురైన కావలివాడి కడియానికి తగిలిస్తారు. అతను దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, దారానికి గుచ్చి, పుస్తకంలో కలుపుకుంటాడు. పుస్తకంలో ఏముంటే అది చేస్తాడు. ఆకు ఎవరు తగిలించారని అడగడు. అలా అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు.

కావలివాళ్ళంతా ఒకే పేటలో ఉంటారు. పేటకు ఒకటే తలుపు. ఆ తలుపు తాళం ఒకామె దగ్గర ఉంటుంది. ఊరంతా ఆమెను తాళాలామె అంటారు. ఆమెకు ఒక కూతురు.

ఒక రోజు కాలువలో ఒక ఆకు కొట్టుకొచ్చింది. దాని కొస కొక్కెంలా వంగి ఉంది. కావలివాడొకడు మొహం కడుక్కోవడానికి వంగినప్పుడు అది అతని కడియానికి తగులుకుంది. తీసి చూస్తే రాత అద్దంలో కనబడినట్టు తిరగబడి ఉంది. అతనికి అర్థం కాలేదు. అయినా కడియానికి తగిలింది కాబట్టి ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆకు మడతలో చీమంత మనుషులు ముగ్గురున్నారు. అతను భోంచేస్తుండగా మొదటివాడు గూట్లోంచి గంటం తీసుకుని తిరగబడ్డ రాతను సరిచేసి రాశాడు. రెండోవాడు ఆ కొత్త ఆకును పుస్తకం దారానికి గుచ్చాడు. మూడోవాడు కత్తి పట్టుకుని మూల కూర్చున్నాడు. అతని పని ఇంకా రాలేదు.

కావలివాడు మర్నాడు పుస్తకం విప్పాడు. కొత్త ఆకులో ఒకటే ఆజ్ఞ ఉంది: నన్ను రాస్తూ ఉండు. తన పుస్తకం చెప్పింది కాబట్టి రాశాడు. కాపలాకు వెళ్ళలేదు. బారెడు పొడవు ఆకు మీద ఎడతెగకుండా రాస్తూ పోయాడు. మూల ఉన్నవాడు లేచి, దాన్ని జానెడేసి ముక్కలుగా కోసి, కొసలు వంచి, కిటికీలోంచి కాలువలో వేశాడు. రెండో రోజు సాయంత్రానికి ఆ కావలివాడు గంటం మీదే వాలి, మళ్ళీ లేవలేదు. అప్పటికి కాలువలో వేల ఆకులు తేలుతున్నాయి, ప్రతి ఆకు మడతలోనూ అలాంటి ముగ్గురు.

ఆ మొదటి ఆకు ఏ దారిన వచ్చిందో, ఎవరి తప్పు వల్ల వచ్చిందో తేల్చడానికి ఊరి పెద్దలు సభ పెట్టారు. సభ ఆరు నెలలు నడిచింది. ఏమీ తేలలేదు. ఆ ఆరు నెలల్లో కావలివాళ్ళు ఏడు వందలకు తగ్గారు.

మూడో ఏడు వచ్చేసరికి నూట ఎనభై మంది మిగిలారు. అంతకుముందు తెల్లబట్ట కనబడితేనే పరుగెత్తే చిల్లర దొంగలు పట్టపగలు వీధుల్లో తిరగడం మొదలుపెట్టారు. ఇళ్ళ గోడలకు తెల్లటి బూజు పట్టింది. పాతికేళ్ళుగా ఒక అటక మీద నక్కి ఉన్న ముసలి దొంగ దగ్గుకుంటూ కిందికి దిగి, వీధి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

పక్కూరివాళ్ళు వంతెన మీద రెండు పలకలు పీకేశారు. ఈ ఊరివాళ్ళు ముట్టుకున్న చెంబు విడిగా పెట్టారు. ఆకులు చెంబుకు అంటుకుని రావని ఎవరో చెప్పబోతే, వినేవాళ్ళు దొరకలేదు.

అప్పుడు బయటి నుంచి ఒకాయన పడవ దిగాడు. ఊరు ఆయన్ని లెక్కలాయన అంది. చేతిలో ఒక కడవ, చెవి మీద ఒక పుల్ల. కాలువలో కడవ ముంచి, నీళ్ళు తెల్లగుడ్డ మీద వంచి, ఆకులు లెక్కపెట్టాడు. తర్వాత పేటకు వచ్చి కావలివాళ్ళను లెక్కపెట్టాడు.

"కడవకు లక్ష పైన ఉన్నాయమ్మా," అన్నాడు తాళాలామెతో.

"కావలివాళ్ళు?"

"నూట ఎనభై. మీకూ తెలుసుగా."

"ఎన్నాళ్ళు ఉంటాం?" అంది ఆమె.

"మీరు తలుపు తీస్తే చాలా ఏళ్ళు. రోజూ పొద్దున ఏడింటికి ముగ్గురు మనుషులు వస్తారు. ఒకే పడవలో వస్తారు. ముగ్గురినీ కలిపి లోపలికి పంపాలి."

అరుగు మీద కూర్చున్న ఊరి పెద్ద అడ్డుపడ్డాడు. "ముగ్గురా? ముగ్గురు కలిసి గడప దాటితే ఏ పనైనా చెడుతుంది. ఇద్దర్ని పంపండి. లేదంటే ఇంకొకణ్ణి కలిపి నలుగుర్ని చెయ్యండి."

"బాబాయిగారూ, ఈ పని ముగ్గురుంటేనే అవుతుంది."

"శకునం అంటూ ఒకటి ఉంటుంది కదయ్యా!"

"అటక మీంచి దిగినాయన ఏ శకునం చూసుకుని దిగాడో కనుక్కోండి," అన్నాడు లెక్కలాయన. వీధి అరుగు మీంచి ముసలి దొంగ దగ్గు వినిపించింది. పెద్దాయన కండువా సర్దుకుని మాట మార్చాడు.

"ఎన్నాళ్ళు తీయాలి?" అని అడిగింది తాళాలామె.

"రోజూ అన్నానమ్మా. రోజూ అంటే రోజూనే."

మర్నాడు ఏడింటికి తలుపు చప్పుడైంది. ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఒకడి సంచిలో గంటాలున్నాయి. ఒకడి చేతిలో దారపు ఉండ ఉంది. మూడోవాడు ఖాళీ చేతులతో వచ్చాడు.

ఇంటింటికీ వెళ్ళారు. మొదటివాడు గూట్లో గంటాలు తీసేసి తన సంచిలోవి పెట్టాడు. చూడటానికి మామూలు గంటాలే. తిరగబడ్డ రాతను సరిచేసి రాయబోతే రెండో వరసలో మొన విరుగుతుంది. చీమంత రాతగాడు సగం రాసిన ఆకుతో కూర్చుండిపోతాడు. రెండోవాడు పుస్తకాల దారాలన్నిటి కొసలూ ముడులు వేశాడు. కొత్త ఆకు గుచ్చాలంటే ఆ ముడి విప్పాలి, చీమంత చేతులకు అది లొంగదు. మూడోవాడు కత్తులు ఏరి తన ఒడిలో పెట్టుకున్నాడు. అప్పటికే ఆకు కలిసిపోయిన ఇళ్ళలో బారెడు ఆకులు కోసే కత్తి లేక అలాగే ఎండిపోయాయి. కోయని ఆకుకు కొక్కెం ఉండదు.

దొంగల ఆనవాళ్ళు రాసిన ఆకులు మాత్రం ఎప్పటిలాగే పుస్తకాల్లోకి వెళ్ళాయి. కావలివాళ్ళ చేతులకు ఆ ముడి విప్పడం వచ్చు.

"పాత ఆకుల సంగతేంటి?" అని ఆమె దారం మనిషిని అడిగింది. "పుస్తకంలో కలిసిపోయినవి తీసేయలేరా?"

"అది మా చేతకాదమ్మా. ఏ పుస్తకంలో ఎక్కడుందో మాకు తెలియదు. కొన్ని ఏళ్ళ తరబడి కదలకుండా పడుకుంటాయి. కొత్తది కలవకుండా చూడటం వరకే మా పని."

"రాత్రికి ముడులు వదులవుతాయా?"

"అవుతాయి. అందుకే రోజూ రావడం."

మొదటి పదిహేను రోజులూ వాళ్ళ అలికిడికి ఊరికి తల తిరిగింది. ఎవరికీ అన్నం సయించలేదు. ఈ ముగ్గురి కంటే ఆ ఆకులే నయమని ఒకరిద్దరు బాహాటంగానే అన్నారు. మూడో వారానికి అలికిడి అలవాటైపోయింది. ఆరో నెలలో లెక్కలాయన మళ్ళీ వచ్చి కడవ ముంచాడు. గుడ్డ మీద నీళ్ళు వంచాడు. తిప్పి చూశాడు. ఒక్కటీ కనబడలేదన్నాడు. కావలివాళ్ళు నాలుగు వందల ఇరవై మంది అయ్యారు. అటక ముసలాయన్ని పట్టుకోవడానికి వాళ్ళకు ఇంకో ఆరు నెలలు పట్టింది, వేరే మనుషుల సాయమూ కావలసి వచ్చింది. కానీ పట్టుకున్నారు.

"ఒక్కటీ లేదన్నమాట!" అంది తాళాలామె, ఆ కడవ ముంచిన రోజున.

"ఒక్కటీ కనబడలేదు అన్నానమ్మా. లేదు అనలేదు."

"రెండింటికీ తేడా ఏంటి?"

"ఏడింటికి తలుపు తీయడమే తేడా."

ఆ మరుసటి ఏడు ఒక మంచి కబురు వచ్చింది. కాలువ అవతలి గట్టున కొత్త ఊరు కట్టబోతున్నారు. దాని పేట తాళం ఈమె కూతురికి ఇస్తామన్నారు. కొత్త ఊరు కట్టడానికి తొమ్మిది నెలలు పడుతుంది. తల్లి ఊరి కావలివాళ్ళ పుస్తకాలు చూసి కొత్త ఊరికి మొదటి పుస్తకం రాసి ఇవ్వడం ఆనవాయితీ. స్థలం కొలవడానికి అవతలి గట్టువాళ్ళు పదకొండు రోజులు ఇక్కడే బస చేస్తారు.

ఆ కబురు తెలిసిన రోజే పక్కూరామె వంతెన మీద నిలబడి పలకరించింది.

"ఏం వదినా, పొద్దున్నే ముగ్గురు మగాళ్ళు మీ తలుపు కొడతారంట. రోజూనంట. పాపం, చుట్టాలా?"

తాళాలామె కొంగు సర్దుకుని ఇంటిదారి పట్టింది. ఆమె వెనకే ఊరి పెద్ద వచ్చాడు. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానమ్మాయ్. శుభకార్యం ముందు ముగ్గురు ఎదురు రాకూడదు. పైగా ఎందుకొస్తున్నారని ఆ అవతలి గట్టువాళ్ళు అడిగితే ఏం చెబుతావు? ఇప్పుడు కాలువ శుభ్రంగానే ఉందిగా."

ఆమె రాత్రంతా ఆలోచించింది. ఏడింటికి ముగ్గురూ వస్తే తలుపు సగమే తీసింది.

"ఈ పదకొండు రోజులూ ఒక్కరే రండి. గంటాలాయన చాలు. ఒక్కరైతే చుట్టమనుకుంటారు."

"అమ్మా, మేం ముగ్గురం కలిసి ఒకే పని చేస్తున్నాం," అన్నాడు దారం మనిషి. "మాలో ఒక్కణ్ణే పంపడం కంటే తలుపు మూసేయడమే నయం. ఒక్కడే ఉంటే ఆ చీమంత మనుషులు అతణ్ణి దాటే విద్య తీరిగ్గా నేర్చుకుంటారు."

"నా కూతురి బతుకయ్యా ఇది! పదకొండు రోజులేగా."

ఇద్దరు పడవ ఎక్కి వెళ్ళిపోయారు. గంటాలాయన ఒక్కడే పెరటి వైపు నుంచి లోపలికి వెళ్ళాడు.

కొలతలవాళ్ళు పదకొండు రోజులూ ఉండి, మర్యాదలకు సంతోషించి, ముహూర్తం చెప్పి వెళ్ళారు. పన్నెండో రోజు ముగ్గురూ ఎప్పటిలా వచ్చారు. ఊళ్ళో ఎవరికీ ఏ తేడా కనబడలేదు.

తేడా లెక్కలాయన గుడ్డ మీద కనబడింది. కడవకు నాలుగు వేల ఆకులు.

ఆయన ఒక ఆకును వెలుగుకు ఎత్తి చూశాడు. గీత వంకరగా, దుడ్డుగా ఉంది. "మొన లేని గంటంతో రాసింది ఇది," అన్నాడు. "పడుకున్న ఆకుల్లో ఒకటి లేచింది. కోసేందుకు కత్తి దొరికింది, గుచ్చకుండా ఆపే ముడి లేదు. అడ్డం ఒక్క గంటమే. దాన్ని దాటడం నేర్చుకున్నారు. తలుపు ఎన్నాళ్ళు మూశారమ్మా?"

"మూయలేదు," అంది తాళాలామె. గుడ్డ వైపు చూసి, "ఒక్కణ్ణే రానిచ్చాను, పదకొండు రోజులు," అంది.

ఆయన తిట్టలేదు. పుల్లతో గుడ్డ అంచున ఏదో రాసుకున్నాడు.

"కొత్త ఊరి పుస్తకం?" అంది ఆమె. "అందులోకి వెళ్తుందా?"

"ఈ కాలువ ఇలాగే ఉంటే వెళ్ళొచ్చు. ఇంకా నెలలున్నాయి."

కూతురు గుమ్మంలోనే ఉంది. అంతా విన్నది.

"నాకోసమే మూశావామ్మా?"

"నీకోసమేనే."

"అయితే నాకోసమే తియ్యి."

ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. చెంగు దోపుకుని వంతెన దాకా నడిచింది. పక్కూరామె బట్టలు పిండుకుంటోంది.

"పిన్నీ! మా ఇంటికి ముగ్గురు వస్తారు. రోజూ ఏడింటికి వస్తారు. ఎందుకొస్తారో కూడా చెబుతాను, తీరిగ్గా రండి. పీట వేస్తాను."

పక్కూరామె పిండుతున్న చీర అలాగే పట్టుకుని నిలబడింది. "నేనేమన్నానే తల్లీ ఇప్పుడు?" అంది చివరికి.

"ఏమీ అనలేదు పిన్నీ. అడిగారుగా, జవాబు చెబుతున్నా."

లెక్కలాయన గంటాలాయనకు సెలవిచ్చి పంపేసి, అతని స్థానంలో మరొకణ్ణి తెచ్చాడు. ఈ కొత్తాయన గంటాల జోలికి పోడు. నేరుగా చీమంత రాతగాడి మణికట్టు పట్టుకుని కూర్చుంటాడు. మొన ఉన్నా లేకపోయినా ఆ చెయ్యి కదలదు. మళ్ళీ ముగ్గురయ్యారు. ఈసారి తాళాలామె తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది, వీధి మొత్తానికి కనబడేలా. ఊరి పెద్ద మాత్రం ఏడింటికి ఎదురు రాకుండా ఆరున్నరకే ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు.

మూడు నెలలకు కడవలో ఏమీ కనబడలేదు. ఆరో నెలలోనూ కనబడలేదు.

కొత్త ఊరు కట్టడం మొదలైన తొమ్మిదో నెలలో దాని పుస్తకం రాశారు. తాళాలామె దగ్గర కూర్చుని చూసింది. ఒక్కో ఆకు రాయడం, దారానికి గుచ్చడం, పలకలు బిగించడం. అయిపోయాక పుస్తకాన్ని కూతురి చేతుల్లో పెట్టబోతూ ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"నా చేత్తో ఇవ్వొచ్చా?" అని లెక్కలాయన్ని అడిగింది.

"మీ చేత్తోనే ఇవ్వాలి."

ముగ్గురిలో ఒకడి తమ్ముడు ఆరు వారాలపాటు కొత్త ఊరి గుమ్మంలో కూర్చున్నాడు. జాగ్రత్త కోసమే. లెక్కలాయన అక్కడి కాలువలో మూడుసార్లు కడవ ముంచుతానన్నాడు: ఆరో వారంలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి, పద్దెనిమిదో నెలలో ఆఖరుసారి. మొదటి రెండుసార్లూ గుడ్డ తెల్లగానే ఉంది. అయినా ఆ పద్దెనిమిది నెలలూ తాళాలామె కొత్త ఊళ్ళో కాలు పెట్టలేదు. రమ్మని కూతురు పిలుస్తూనే ఉంది. ఆమె గట్టు మీద నిలబడి చూసి వచ్చేసేది.

ఆఖరుసారి కడవ ముంచే రోజున ఏడింటికి తలుపు తీసి, ముగ్గురినీ లోపలికి పంపి, అప్పుడు వంతెన దాకా వెళ్ళింది. పీకేసిన పలకలు రెండూ వాటి చోట్లలో ఉన్నాయి. కొత్త మేకులు మెరుస్తున్నాయి. ఎవరు కొట్టారో ఎవరూ చెప్పలేదు. పక్కూరామె అటు పక్క నుంచి వచ్చింది.

"పద వదినా, నేనూ అటే. పిల్ల పీట వేస్తానంది, ఇంతవరకూ కూర్చోలేదు."

కొత్త ఊరి గట్టు మీద అందరూ చూస్తుండగా లెక్కలాయన కడవ ముంచాడు. నీళ్ళు వంచాడు. గుడ్డను రెండు వైపులా తిప్పి చూశాడు.

"కనబడలేదా?" అంది తాళాలామె. ఆ మాట వాడటం ఆమెకు అలవాటైపోయింది.

"ఇక్కడ ఆ మాట అక్కర్లేదమ్మా," అన్నాడు ఆయన. "లేదు."

ఆమె చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుంది. కూతురు నీళ్ళు తెచ్చింది. ఆమె సగం తాగి చెంబు కింద పెట్టింది. పక్కూరామె ఆ చెంబు అందుకుని, మిగిలిన సగం గటగటా తాగేసి, మూతి తుడుచుకుంది.

"ఎండలు ముదిరాయి," అంది.

మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. సాయంత్రం అవుతుంటే తాళాలామె లేచింది.

"నాలుగు రోజులుండి వెళ్ళమ్మా. ఇప్పుడు భయమేముంది?" అంది కూతురు.

"భయంతో కాదే వెళ్తోంది. రేపు ఏడింటికి తలుపెవరు తీస్తారు?"

"ఇంకా ఎన్నేళ్ళు?"

"నీ ఊళ్ళో నీ మనవరాలు తాళం పుచ్చుకునే రోజు నేను చూడాలా వద్దా?" అని ఆమె చెప్పులు తొడుక్కుంది.

మర్నాడు తెల్లవారింది. పాత పేటలో ఎనిమిది వందల చిల్లర ఇళ్ళు. వాటిలో ఒక ఇంట్లో, ఒక పుస్తకంలో, అడుగు నుంచి మూడో ఆకు ఏళ్ళ నిద్ర నుంచి కదిలింది. కావలివాడు దాన్ని చదివాడు. తన పుస్తకం చెప్పింది కాబట్టి గంటం తీసుకున్నాడు. బారెడు ఆకు మీద రాశాడు. రాయడం పూర్తయింది. మూల ఉన్న చీమంత కోతగాడు కత్తి కోసం గూట్లో చూశాడు, చూరులో చూశాడు, ఎక్కడా లేదు.

బయట ఏడు కొట్టింది. పేట తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్న చప్పుడు వినబడింది.

కావలివాడు కోయని ఆకును గోడకు ఆనించి, తెల్లబట్ట కట్టుకుని, కడియం సర్దుకుని కాపలాకు బయల్దేరాడు. గుమ్మంలో అతనికి ముగ్గురు ఎదురొచ్చారు.